సున్నుండకు పోర్టింగ్ లేదు

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ప్రతి తెలుగువాడికీ ఇంకో తెలుగువాడు చెప్పే సలహా ఒకటుంటుంది. "ఏ కంపెనీనీ పట్టుకుని వేలాడొద్దు, ఏడాది తిరగ్గానే మార్చెయ్." కారు ఇన్సూరెన్స్, ఇంటర్నెట్, ఫోన్, కరెంటు... అన్నీ మార్చెయ్యడమే. రేట్లు పోల్చి చూపించే సైట్లు బోలెడున్నాయి. ఒక సైటు వాళ్ల టీవీ యాడ్‌లో అయితే కోటు తొడుక్కున్న ముంగిస లాంటి జంతువు వచ్చి కబుర్లు చెప్తుంది. దాని బొమ్మ మా ఆఫీసులో ఒకరి డెస్క్ మీద కూడా ఉంది.

సలహా మంచిదే. కారుకి, ఇంటికి, ఫోన్‌కి బాగానే పనిచేస్తుంది. జబ్బు చేసి లేచిన పిల్లికి మాత్రం కళ్లు మూసుకుని వాడకూడదు. పోయిన నెలంతా మా ఇంట్లో నడిచిన పంచాయితీ ఇదే కాబట్టి ఈ వారం దాని సంగతి చెప్పుకుందాం.

మా పిల్లి పేరు సున్నుండ. రంగు అదే, ఆకారమూ అదే. ఇక్కడ రెడింగ్‌లో వెట్ క్లినిక్ వాళ్లకి నోరు తిరగక రికార్డుల్లో 'సన్నీ' అయిపోయాడు. ఇప్పుడు ఆరేళ్లు. ఏడాది వయసున్నప్పుడు పాలసీ తీసుకున్నాం, నెలకు 16 పౌండ్లు. ఈసారి రెన్యువల్ మెయిల్ తెరిస్తే నెలకు 41! అదే సాయంత్రం పోల్చే సైట్‌లో వయసు, జాతి, పోస్ట్‌కోడ్ కొడితే 19కే ఇస్తామంటూ ఇంకో కంపెనీ వచ్చింది. నెలకు 22 పౌండ్ల తేడా. ఏడాదికి 264.

చూడగానే వేలు బటన్ మీదకి వెళ్లిపోయే లెక్క. కాకపోతే సున్నుండకో చరిత్ర ఉంది.

ఏడాదిన్నర క్రితం ఒక శనివారం రాత్రి వాడు ఊరికే లిట్టర్ ట్రేలోకి వెళ్తున్నాడు, ముక్కుతున్నాడు, బయటికొచ్చి నాక్కుంటున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. ట్రేలో మాత్రం తడి లేదు. చూసినవాళ్లు చాలామంది మలబద్ధకం అనుకుంటారు. మగపిల్లి అయితే ముందు అనుమానించాల్సింది మూత్రం అడ్డుపడటాన్ని. వాటి మూత్రనాళం చాలా సన్నం. సన్నటి స్ఫటికాలు, జిగురు కలిసి బిరడాలా పట్టేస్తే చుక్క కూడా దిగదు. ఒంట్లో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. ఇన్సూరెన్స్ గొడవ మీకు అక్కర్లేకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి: మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, చుక్క రాల్చకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

మేం ఆ రాత్రే ఎమర్జెన్సీకి పరుగెత్తాం. మత్తు ఇచ్చి కాథెటర్ వేశారు, సెలైన్ ఎక్కించారు, మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. బిల్లు 2,300 పౌండ్లు. అందులో ఎక్సెస్, అంటే ముందుగా మన జేబులోంచి పోయే వాటా, 99. మిగతా 2,201 ఇన్సూరెన్స్ కట్టింది. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో ఈ అంకెని రూపాయల్లోకి మార్చి చెప్తే కాసేపు సౌండ్ లేదు. తర్వాత, "ఏమే, ఆ డబ్బుకి ఇక్కడ రెండు పాడిగేదెలు వస్తాయే" అంది.

అమ్మ లెక్క తప్పు కాదు. కానీ ఇక్కడ మనుషులకి ఎన్‌హెచ్‌ఎస్ ఉంది గానీ పిల్లులకి అలాంటిది లేదు. వెట్ ఫీజు మీద 20 శాతం వ్యాట్. పైగా 2013లో పెద్ద గ్రూపుల చేతిలో ఉన్న క్లినిక్‌లు దాదాపు 10 శాతమైతే, ఇప్పుడు 60 శాతం దగ్గరికి వచ్చాయని ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ చెప్పింది. ఆ సంస్థ 2023లో మొదలుపెట్టిన పరిశీలన 2024లో పూర్తి స్థాయి విచారణగా మారింది కూడా. పీడీఎస్‌ఏ లాంటి చారిటీలున్నాయి, 1917 నుంచీ పనిచేస్తున్నాయి. అయితే అవి ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాల కోసం. జీతం తీసుకునే మనలాంటివాళ్లకి దిక్కు ఇన్సూరెన్సో, సేవింగ్సో.

సరే, మార్చితే ఏమవుతుంది?

కొత్త కంపెనీ మొట్టమొదట అడిగేది 'ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్' ఏమన్నా ఉందా అని. మనం దీన్ని 'డాక్టర్ పేరు పెట్టి చెప్పిన జబ్బు' అనుకుంటాం. పాలసీ కాగితంలో అర్థం అంతకంటే చాలా వెడల్పు. పాలసీ మొదలవకముందు ఒక లక్షణం కనిపించినా చాలు, అప్పటికి దానికి పేరు ఉన్నా లేకపోయినా సరే. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు "ఈమధ్య నీళ్లు ఎక్కువ తాగుతున్నాడండీ" అని మాటవరసకి అన్నారనుకోండి. వెట్ అది టైప్ చేస్తారు. రెండేళ్ల తర్వాత కిడ్నీ జబ్బు బయటపడితే, ఆ ఒక్క లైను చూపించి "ఇది పాత జబ్బే" అనే అవకాశం ఉంది.

అందుకే నేను మొదట చేసిన పని క్లినిక్‌కి మెయిల్ పెట్టి సున్నుండ క్లినికల్ హిస్టరీ మొత్తం తెప్పించుకోవడం. అడిగితే ఇస్తారు. మాకు వచ్చింది తొమ్మిది పేజీలు. మూత్రం అడ్డుపడటం ఉంది, అది తెలిసిందే. దానితోపాటు మూడేళ్ల క్రితం "అప్పుడప్పుడూ వాంతి చేసుకుంటున్నట్టు ఓనర్ చెప్పారు" అని ఒక లైను. అది వెంట్రుకల ఉండ! నాకు గుర్తే లేదు. కాగితానికి గుర్తుంది.

లెస్టర్‌లో ఉండే మా పిన్ని కొడుకుతో ఈ సంగతి చెప్తే వాడు తేల్చేశాడు. "అక్కా, అంత ఆలోచన ఎందుకు? పాత జబ్బులు లేవని టిక్ పెట్టెయ్. వాళ్లకేం తెలుస్తుంది?"

"ఒరేయ్, పాలసీ అమ్మేటప్పుడు తెలియదురా. క్లెయిమ్ పెట్టినరోజు తెలుస్తుంది."

నిజంగా జరిగేది అదే. పాలసీ అమ్మేటప్పుడు చాలా కంపెనీలు ఏ కాగితమూ అడగవు. మొదటి పెద్ద క్లెయిమ్ వచ్చాక, పిల్లిని చూసిన ప్రతి క్లినిక్ నుంచీ పూర్తి హిస్టరీ తెప్పించుకుంటాయి. ఇక్కడ 2012లో వచ్చిన వినియోగదారుల ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకి జాగ్రత్తగా, నిజాయితీగా జవాబివ్వాల్సిన బాధ్యత మనది. తెలిసి అబద్ధం చెప్పామని తేలితే పాలసీని మొదటి నుంచే లేనట్టు చెయ్యొచ్చు, కట్టిన ప్రీమియం కూడా వెనక్కి ఇవ్వక్కర్లేదు. అంటే ఆ 19 పౌండ్లు కూడా గంగలో పోసినట్టే.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసి, తొమ్మిది పేజీలూ జతచేసి కొత్త కంపెనీకి మెయిల్ పెట్టాను. కొనకముందే. "వీటిలో దేన్ని కవర్ చేస్తారు, దేన్ని చెయ్యరు? రాతపూర్వకంగా చెప్పండి" అని. నాలుగు రోజులకి జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు. మినహాయింపులు రెండు: మూత్ర వ్యవస్థకి సంబంధించిన అన్ని సమస్యలు, జీర్ణ వ్యవస్థకి సంబంధించిన వాంతులు.

మొదటిది చదివినప్పుడు మామూలుగానే అనిపించింది. రెండోసారి చదివాక ఒక మాట దగ్గర ఆగాను. 'మూత్రం అడ్డుపడటం' అని రాయలేదు, 'మూత్ర వ్యవస్థ' అని రాశారు. మూత్ర వ్యవస్థలో కిడ్నీలు కూడా ఉంటాయి కదా! ముసలి పిల్లుల్లో బాగా ఎక్కువగా కనిపించే జబ్బుల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఒకటి. అది వస్తే రక్తపరీక్షలు, బీపీ మందులు, ప్రత్యేక ఆహారం, కొన్నేళ్లపాటు సాగుతుంది. మళ్లీ మెయిల్ పెట్టి సూటిగా అడిగాను: "ఈ మినహాయింపులోకి కిడ్నీ జబ్బు కూడా వస్తుందా?" జవాబు ఒక్క ముక్కలో వచ్చింది. వస్తుంది.

అంటే 19 పౌండ్లకి వాళ్లు అమ్ముతున్నది మూత్రాశయం, కిడ్నీ, పొట్ట తీసేసిన పిల్లికి ఇన్సూరెన్స్. మిగిలిన పిల్లికి అది చవకో ఖరీదో మీరే చెప్పండి.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను. రెండేళ్లపాటు లక్షణం, చికిత్స లేకుండా ఉంటే పాత సమస్యని మళ్లీ కవర్ చేసే కంపెనీలు కొన్నున్నాయి. మనకింకా ఏడాదిన్నరే అయింది, ఇంకో ఆరు నెలలు ఆగితే మార్చొచ్చా అని. వాళ్ల లెక్కలో సున్నుండ తింటున్న యూరినరీ డైట్ కూడా చికిత్సే. అది తింటున్నంత కాలం ఆ రెండేళ్ల గడియారం మొదలే కాదట. మానేస్తే స్ఫటికాలు మళ్లీ రావొచ్చని మా వెట్ అంటున్నారు. ఇన్సూరెన్స్ గడియారం కోసం పిల్లి తిండి మార్చే పని మేం చెయ్యం.

ఇక్కడ నాకు మన ఇండియా గుర్తొచ్చింది. అమ్మకి బీపీ ఉంది. మూడేళ్ల క్రితం ఆవిడ హెల్త్ పాలసీని వేరే కంపెనీకి పోర్ట్ చేశాం. పాత కంపెనీలో గడిపిన వెయిటింగ్ పీరియడ్‌ని కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకుంది. 2011 అక్టోబరు నుంచే ఐఆర్‌డీఏఐ ఈ సౌకర్యం ఇచ్చింది. పాత జబ్బులకి గరిష్ఠ వెయిటింగ్‌ని 2024లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకి తగ్గించింది కూడా. మనం మన వ్యవస్థల్ని తిట్టుకోవడంలో ఫస్ట్ గానీ, ఇది మంచి రూలు. అలాంటిది ఇక్కడ పిల్లికి లేదు. కంపెనీ మారావా, మళ్లీ ఒకటో తరగతి. పాతచోట ఎన్నేళ్లు కట్టావన్నది ఎవరికీ అక్కర్లేదు. ఇండియాలోనూ ఇప్పుడు పిల్లులకి పాలసీలు అమ్ముతున్నారు, హైదరాబాద్‌లో తీసుకునేవాళ్లు పెరుగుతున్నారని విన్నాను. అక్కడ కూడా పోర్టింగ్ మనుషుల హెల్త్ పాలసీకే. కొనేముందు పాత జబ్బుల పేరా చదివే కొనండి.

పాత కస్టమర్ దగ్గర ఎక్కువ గుంజడం ఇక్కడ బ్యాన్ చేశారు కదా అని అడుగుతారేమో. 2022 జనవరి నుంచి ఎఫ్‌సీఏ ఆపించింది, కానీ ఆ ధరల రూలు కారు, ఇంటి ఇన్సూరెన్స్‌లకే. పెంపుడు జంతువుల ఇన్సూరెన్స్ అందులో లేదు. కాబట్టి మన 41లో వయసు పెరిగినందుకు ఎంత, క్లెయిమ్ చేసినందుకు ఎంత, 'వీళ్లెలాగూ కదల్లేరు' అన్న ధీమాకి ఎంత అన్నది మనకి విడదీసి ఎవరూ చెప్పరు. నాకు కోపం వచ్చేది ఈ చివరి భాగం మీదే. ప్రీమియంలో 12 శాతం పన్ను కూడా ఉంటుంది, అది వేరే ఏడుపు.

కోపం పక్కనపెట్టి లెక్క వేశాను. మారితే ఏడాదికి మిగిలేది 264. అడ్డుపడటం ఇంకొక్కసారి వస్తే జేబులోంచి పోయేది కనీసం 2,201. అంటే ఎనిమిదేళ్లకి పైగా పొదుపు ఒక్క శనివారం రాత్రికి సరి. ఈ సమస్య తిరగబెట్టడం అరుదేమీ కాదు. మళ్లీ మళ్లీ వస్తే ఆపరేషన్ కూడా చేస్తారు. మేం మారలేదు.

మారకపోయినా ఉన్నచోటే రేటు తగ్గించుకునే దారులు కొన్నుంటాయి. ఫోన్ చేసి అడిగాను. ఎక్సెస్‌ని 99 నుంచి 200కి పెంచితే నెలకు 35కి దిగింది. హాలిడే క్యాన్సిలేషన్ లాంటి తోకలు మాకొద్దన్నాను, ఇంకో రెండు పౌండ్లు తగ్గాయి. మొత్తం 33. ఏడాది లిమిట్ తగ్గిస్తే ఇంకా చవక అన్నారు గానీ దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి తగ్గించాక మళ్లీ పెంచుకుంటే, మధ్యలో వచ్చిన జబ్బుకి ఆ పెంపు వర్తించని పాలసీలున్నాయి. ఇంకోటి, డైరెక్ట్ డెబిట్ ఫెయిలవకుండా చూసుకోండి. లైఫ్‌టైమ్ పాలసీకి ప్రాణం దాని కంటిన్యుటీ. బ్యాంకు మారినప్పుడు ఒక నెల తప్పి పాలసీ రద్దయితే, ఆ తర్వాత తీసుకునేది కొత్త పాలసీయే. పాత జబ్బులన్నీ బయటే.

ఒకవేళ క్లెయిమ్ కాదన్నారనుకోండి, అక్కడితో వదిలేయక్కర్లేదు. ముందు కంపెనీకే కంప్లైంట్ రాయాలి. ఎనిమిది వారాల్లో ఆఖరి జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు. ఆఖరి లెటర్ వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి, అంతే. "ఆ రోజు వాంతికీ ఈ రోజు జబ్బుకీ సంబంధం లేదు" అని మీ వెట్ రాసిచ్చే ఒక్క లెటర్ అక్కడ చాలా బరువు తూగుతుంది.

ఇంతా చెప్పాక, నన్ను టిక్ పెట్టెయ్యమన్న తమ్ముడి సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే వాణ్ని మాత్రం మారమనే చెప్పాను.

వాడి పిల్లి కాటుక. నల్లటిది, ఐదేళ్లు, ఆస్తమా. పిల్లులకి ఆస్తమా వస్తుంది, చిన్న మాస్కు తగిలించిన గొట్టంతో ఇన్‌హేలర్ కూడా ఇస్తారు. వీడు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని శ్వాసలు లెక్కపెడుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వాడి పాలసీ 'టైమ్ లిమిటెడ్' రకం. జబ్బు మొదలైన రోజు నుంచి 12 నెలలు కవర్ చేసి ఆపేస్తుంది. ఆ 12 నెలలు పోయిన వేసవిలోనే అయిపోయాయి. అంటే ఆస్తమాకి ఇప్పుడు పాత కంపెనీ ఏమీ ఇవ్వదు, కొత్త కంపెనీ ఏమీ ఇవ్వదు. మారితే పోయేదేమీ లేదు. పైగా ఉన్నచోటే ఉంటే రేపు వచ్చే ప్రతి జబ్బుకీ ఆ 12 నెలల గీత తప్పదు. అదే డబ్బుకి కొంచెం అటూ ఇటూగా లైఫ్‌టైమ్ పాలసీ దొరుకుతోంది. వయసు పెరిగితే అదీ కష్టం. తొమ్మిదో పదో ఏడు వచ్చాక చాలా పాలసీల్లో ఎక్సెస్‌తోపాటు బిల్లులో పదో ఇరవయ్యో శాతం మనమే పెట్టుకోవాలి. కొత్త ముసలి పిల్లుల్ని అసలు తీసుకోని కంపెనీలూ ఉన్నాయి.

వాడితో కూడా అదే పని చేయించాను. హిస్టరీ తెప్పించి, కొనకముందే మినహాయింపులు రాయించుకున్నాం. ఒక కంపెనీ 'శ్వాస వ్యవస్థ మొత్తం' అంది. ఇంకోటి 'ఆస్తమా, దానివల్ల వచ్చే సమస్యలు' అని మాత్రమే రాసింది. రెండోది నెలకు మూడు పౌండ్లు ఎక్కువ. దాన్నే తీసుకున్నాడు. మైక్రోచిప్ నంబరు అడిగితే రెడీగా ఉంది, ఇంగ్లండ్‌లో 2024 జూన్ నుంచి పిల్లులకి చిప్ ఎలాగూ తప్పనిసరి.

పాతది వెంటనే క్యాన్సిల్ చేస్తానన్నాడు. ఆగమన్నాను. కొత్త పాలసీలో జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, వాడిది 14 రోజులు. ఆ రెండు వారాల్లో ఏదన్నా కొత్త లక్షణం బయటపడితే కొత్త కంపెనీ దాన్ని ఎప్పటికీ కవర్ చెయ్యదు. అప్పుడు కూలింగ్ ఆఫ్ గడువులోనే కొత్తదాన్ని వదిలేసి పాతదాంట్లో ఉండిపోవాల్సి వస్తుంది. అందుకే ఒక నెల రెండూ నడిపాడు. "అక్కా, రెండు ప్రీమియంలు కడుతున్నా, నాకే అన్యాయం" అని రోజూ మెసేజ్. పదిహేనో రోజు పొద్దున కాటుక ఫొటో వచ్చింది, ఇన్‌హేలర్ గొట్టం పక్కన పడుకుని ఉంది. కింద ఒకటే లైను: "పాతది క్యాన్సిల్ చేశా."